సప్పుడు రాని కంప్యూటర్

మా బావకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద ఇంతవరకు పుట్టలేదు. గొర్రెకు గిట్ట పుండైనా, వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినా, పక్కింటి పిల్ల ఇంజినీరింగ్‌లో ఏ బ్రాంచి తీసుకోవాలన్నా ముందు ఆయన్ని అడగాలి. అడగకపోతే ఆయనే వెళ్తాడు. వెళ్లి, మంచం మీద దర్జాగా కూర్చుని, చాయ్ తాగి, సగం అయిన పనిని చెడగొట్టి, "నేను జెప్పినట్టు ఇంటే గిట్లయ్యేదా?" అని లేచి వస్తాడు. ఆయన పేరు మహేశ్వర్, నా భర్త ప్రేమ్‌కుమార్‌కు అన్న. నడిగూడెంలో అందరం ఒకే ఇంట్లో ఉంటాం. పోయిన చలికాలం ఆయన మా అత్తమ్మ పాటలు రికార్డు చేయడానికని ఒక కంప్యూటర్ కొన్నాడు. కొన్నాడు అనేది కూడా ఆయన మాటే. డబ్బు అత్తమ్మది.

దీపావళి పోయాక అత్తమ్మ మణెమ్మను సూర్యాపేటలో దవాఖానకు తీసుకెళ్లాం. ఆమె మెడ దగ్గర గడ్డ పెరుగుతూ వస్తోంది. డాక్టరమ్మ చేతులతో తడిమి, రిపోర్టులు తిరగేసి, ఆపరేషన్ చేసి తీసేయాలంది. ప్రాణానికేం భయం లేదంది. "అయితే గొంతు నరం గడ్డకు ఆనుకునే ఉంది. ఆపరేషన్ తర్వాత గొంతు మారినా మారొచ్చు. ఈమె ఏం పని చేస్తారు?" అని అడిగింది.

"గొర్లెంబడి పోతది. ఇల్లు సూస్కుంటది," అన్నాడు మా మామ లింగన్న.

"పాడుతది మేడమ్," అన్నాను నేను.

మామ నా వైపు తిరిగి చూశాడు. పాడటం కూడా ఒక పనేనా అన్నట్టుంది ఆ చూపు. డాక్టరమ్మ డిసెంబర్‌లో ఒక తేదీ ఇచ్చి పంపింది.

అత్తమ్మ పుట్టిల్లు పాలకీడు వైపు. వాళ్లమ్మ దగ్గర, మేనత్తల దగ్గర నేర్చిన పాటలు ఆమెకు వచ్చినన్ని ఇప్పుడు ఇంకెవరికీ రావు. నాటు పాటలు, మందను మళ్లేసే పాటలు, పెళ్లికూతురిని ఏడిపించే పాటలు, ఊరికే మనసు బాగుండక పాడుకునేవి. మా ఇంట్లో ఆమె రాగం తీసిన ప్రతిసారీ వినిపించే మాట మాత్రం ఒక్కటే. మామ వార్తలు చూస్తుంటాడు, "సప్పుడు జెయ్యకే." బావ ఫోన్‌లో ఉంటాడు, "సప్పుడు జెయ్యకమ్మా." మా వైపు పాటా సప్పుడే, బోళ్లు కింద పడినా సప్పుడే, మనిషి ఏడ్చినా సప్పుడే. మగవాళ్లు మాట్లాడితే మాత్రం దాన్ని ముచ్చట అంటారు.

ఆపరేషన్‌ లోపు ఆ పాటలన్నీ సరిగా రికార్డు చేయాలన్నాను. నా పనే అది. కోదాడలో ఇంజినీరింగ్ చదివి, ఇంట్లో కూర్చునే హైదరాబాద్ కంపెనీ ఒకదానికి పని చేస్తున్నాను. పిల్లల పాఠాలు చదివిన గొంతులు నా దగ్గరికి వస్తాయి. వాటిలో దగ్గులూ, కుర్చీ కిర్రులూ, ఫ్యాను మోతా తీసేసి పంపుతాను. ఎవరైనా "మీ మరదలు ప్రవళిక ఏం జేస్తది?" అని అడిగితే బావ "ఏదో టైపింగ్" అంటాడు.

ఫోన్‌లో రికార్డు చేస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. చేసి చూశాను. ఫోన్ తన తెలివి కొద్దీ, మాట కానిదల్లా అక్కర్లేని సప్పుడనుకుని మింగేస్తుంది. అత్తమ్మ చివరి అక్షరాన్ని సాగదీసి, ఊపిరితో వదిలేస్తుంది చూడండి, ముందు దాన్నే మింగుతుంది. ఫోన్ కూడా మా మామ లాంటిదే. ఇక నా పాత ల్యాప్‌టాప్ రెండో ట్రాక్ తెరవగానే బిగుసుకుపోతుంది. మంచి మైకు ఉంది, మైకుకూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టే ఎర్ర డబ్బా ఉంది, రెండూ నా జీతంతో కొనుక్కున్నవే. కావలసిందల్లా ఒక మామూలు కంప్యూటర్. మంచి ప్రాసెసర్, సరిపడా ర్యామ్, అన్నిటికంటే ముఖ్యంగా పక్కన ఉన్నట్టే తెలియనంత నిశ్శబ్దం. మైకు పక్కనే పెట్టుకోవాలి కదా మరి.

అత్తమ్మ ఒక్క మాట అడగకుండా, "నా పొట్టేళ్లు అమ్ముండ్రి," అంది. పుట్టింటి నుంచి తోలుకొచ్చిన గొర్రెల సంతానం అవి. మందలో అవి ఒక్కటే ఆమె పేరు మీద నడుస్తాయి.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. బావ ఎదుట తమ్ముని భార్య కూర్చోకూడదు, నేరుగా మాట్లాడకూడదు. ఆయన గదిలోకి వస్తే లేచి పక్కకు జరగాలి. ఏదైనా చెప్పాలంటే భర్తకు చెబితే ఆయన అన్నకు చెబుతాడు. నా భర్త మిర్యాలగూడ రైసుమిల్లులో పని చేస్తూ వారానికోసారి ఇంటికొస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు. అన్న ఎదుట మాత్రం నోట్లో నాలుక ఉండదు. నేను గంపెడు చెబితే అన్న చెవికి చేరేసరికి చారెడు మిగులుతుంది.

*

సూర్యాపేట దుకాణానికి బావ, ఆయన స్నేహితుడు జీవన్, నా భర్త బయల్దేరారు. పెళ్లి ఊరేగింపులకు డీజే పెట్టే జీవన్ బావ దృష్టిలో సంగీత విద్వాంసుడు. నన్ను కారులో వెనక కూర్చోబెట్టి, దుకాణంలో గుమ్మం దగ్గర నిలబెట్టారు.

"ఫస్ట్ కేబినెట్ సూపియ్యి తమ్మీ," అన్నాడు జీవన్. "మనిషికి బట్టలెట్లనో కంప్యూటర్‌కు కేబినెట్ గట్ల."

దుకాణం అతను మూడు వైపులా అద్దాలున్న పెట్టె తెచ్చి స్విచ్ వేశాడు. అందులో ఏడు ఫ్యాన్లు ఏడు రంగుల్లో తిరిగాయి. మా బావ ముఖం మీద ఆ రంగులన్నీ పడ్డాయి. అప్పుడే నాకు అర్థమైంది, ఇక ఈ మనిషిని ఇక్కడి నుంచి కదిలించలేమని.

"లైట్లు, అద్దాలు వద్దు. ఫ్యాన్లు ఎన్నుంటే అంత మోత. గ్రాఫిక్స్ కార్డు మనకు అక్కరే లేదు, అది ఆటలాడుకునేటోళ్లకు," అని నా భర్తను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అన్నా, ఏమంటున్నదంటే... లైట్లు జర తక్కువుంటే మంచిదేమో అంట."

"ఎందుకు తక్కువ? మనమేమన్న తక్కువోళ్లమా?" అన్నాడు బావ.

గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టించాడు. సినిమాలు తీసేవాళ్లు వాడతారని జీవన్ చెప్పాడు. ఇక ర్యామ్ దగ్గరికి వచ్చేసరికి దుకాణం అతను, "రేటు బాగ పెరిగిందన్నా, లోకమంత గట్లనే ఉన్నది," అన్నాడు. బావ నవ్వాడు. భుజం మీది తువ్వాలు తీసి దుకాణం అతని చేతి మీద కప్పి, కింద నుంచి వేళ్లు పట్టుకున్నాడు. గొర్రెల అంగట్లో బేరం అలాగే చేస్తారు, పక్కవాడికి రేటు తెలియకుండా వేళ్లతోనే మాట్లాడుకుంటారు. పాపం ఆ పిల్లవాడు గొర్రెల అంగడి ముఖం చూసినవాడు కాడు. చెయ్యి గుంజుకుని, "ఏందన్నా, గట్ల పట్టుకుంటున్నవ్?" అన్నాడు.

"బేరం తమ్మీ, బేరం. రేటు సగం జెయ్యి."

పిల్లవాడు కాసేపు ఆలోచించి సరేనన్నాడు. సగం రేటుకు సగం ర్యామ్ పెట్టాడు. బేరం గెలిచానని మా బావ ఇంటిదాకా మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక మామ ఆ పెట్టె చుట్టూ తిరిగి, "గీ ర్యామ్ ర్యామ్ అంటున్నరు, ర్యామంటే ఏందే బిడ్డా?" అని నన్నడిగాడు.

"ఇంగ్లీషుల పొట్టేలు మామా."

"పొట్టేళ్లనమ్మి పొట్టేలునే తెచ్చిండ్రా? గీ మాత్రానికి సూర్యాపేట దాక ఎందుకు పోయిండ్రు?"

ఆ సీజన్ మొత్తంలో మా ఇంటి మగవాళ్ల నోటి నుంచి వచ్చిన తెలివైన మాట అదొక్కటే.

*

మూలగదిలో పెట్టి స్విచ్ వేస్తే ఆ కంప్యూటర్ పెళ్లి పందిరిలా వెలిగింది, వడ్లు తూర్పార పట్టే మిషన్‌లా మోగింది. మైకు ఎక్కడ పెట్టినా ఆ మోత దొరికేది. గోడకు బొంతలు వేలాడదీశాను. పెట్టె మీద దుప్పటి కప్పితే వేడెక్కి, ఫ్యాన్లు ఇంకా గట్టిగా తిరిగాయి.

ఈలోగా పంచాయతీ ఎలక్షన్లు వచ్చిపడ్డాయి. బావ సర్పంచ్‌కు నిలబడలేదు, అంత గుండె లేదు. వార్డు మెంబరుకు వేశాడు. మా వార్డంటే రెండు గల్లీలు, ఒక బోరింగు. సగం మంది మా చుట్టాలే, మిగిలిన సగం మా చుట్టాలతో తగాదా ఉన్నవాళ్లు. అంతమాత్రానికి ఆయనకు ప్రచార పాటలు కావాలట. ఇంట్లో స్టూడియో పెట్టుకుని బయట కిరాయి కట్టేదేందని, జీవన్‌ను వెంటేసుకుని మూలగదిలో దిగబడ్డాడు. ఆయన గుమ్మంలో కనబడగానే నేను కుర్చీలోంచి లేవాలి. లేచి వంటింట్లోకి వెళ్లాలి. ఆయన ఆ కుర్చీలో కూర్చుంటాడు. అలా అత్తమ్మ పొట్టేళ్లతో కొన్న కంప్యూటర్ ముందు అత్తమ్మా లేదు, నేనూ లేను.

ఎన్నికల గుర్తుగా ఆయనకు స్టూలు వచ్చింది. జీవన్ పాట కట్టాడు:

*పులి వచ్చె పులి వచ్చె మహేశన్న,*
*స్టూలెక్కి కూసుండె సూడరన్నా!*

పులి స్టూలెక్కి కూర్చుంటే దాన్ని సర్కస్ అంటారని ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లు ఉంటే గింటే నేనే. నాకేమో నేరుగా మాట్లాడే అధికారం లేదు.

రోజులు పోతున్నాయి. అత్తమ్మ మింగడానికి ఇబ్బంది పడుతోంది. జొన్నరొట్టె మానేసి జావ తాగుతోంది. పైస్థాయికి వెళ్లినప్పుడు గొంతు జీరబోవడం మొదలైంది. "అత్తమ్మ పాటలెప్పుడు?" అని నా భర్తకు ఫోన్ చేస్తే, "అన్న పని జరగానియ్యి," అనేవాడు.

ఒక మధ్యాహ్నం బావ తల్లిని పిలిచాడు. "అమ్మా, ఎనుక నుంచి కోరస్ ఇయ్యి. ఓహో అను, సాలు."

కొడుకు అడిగాడు కదా, పాపం వెళ్లి మైకు ముందు కూర్చుని ఓహో అంది. పని అయ్యాక బావ, జీవన్ బీడీలకు బయటికి పోయారు. నేను హెడ్‌ఫోన్ ఆమె చెవులకు పెట్టి ఆ ముక్క వినిపించాను. తన గొంతు తాను అలా వినడం ఆమెకు అదే మొదలు. కళ్లు పెద్దవి చేసి విన్నది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎనుక గా గుయ్యిమనేది ఏందే? ఎవరో గొణుగుతున్నట్టున్నది."

"కంప్యూటర్ ఫ్యాన్లు అత్తమ్మా."

ఆమె హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. "నేను పాడినన్ని దినాలు ఎవలో ఒకలు ఎనుక గొణుగుడే. ఇండ్ల గూడ మీ మామనే కూసున్నడా?"

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నాకు ఒళ్లు మండింది. ఆ వారం నా భర్త రాగానే తేల్చి చెప్పాను. "సప్పుడు రాని కంప్యూటర్ కావాలె. నాకు ఇంకేమొద్దు. మీ అన్నకు గదొక్కటి చెప్పు. సప్పుడు రావద్దు." గంపెడు చెబితే చారెడు మిగులుతుందని, ఈసారి చారెడే చెప్పాను.

*

ఈసారి కోదాడ అన్నారు. అది దగ్గర, పైగా ఆ దుకాణం అతను బావకు పరిచయం. కంప్యూటర్‌ను తీగలతో సహా, మైకు, నా ఎర్ర డబ్బాతో సహా కట్టకట్టి అన్నదమ్ములిద్దరూ కారులో వేసుకుపోయారు. నన్ను రావద్దన్నారు. ఎలక్షన్ల ముందు ఇంటి కోడలు దుకాణాల్లో నిలబడితే ఓటర్లు ఏమనుకుంటారని బావ అన్నాడట.

సాయంత్రం తిరిగొచ్చి స్విచ్ వేశారు. ఏడు ఫ్యాన్లకు ఇంకొకటి కలిసింది. ఎనిమిదోది ఊదారంగు. మోత ఎప్పటిలాగే ఉంది. స్పీకర్లు మాత్రం మూగబోయాయి. నేను బల్ల మీద, బల్ల కింద, సంచుల్లో అంతా వెతికాను.

"నా ఎర్ర డబ్బా ఏది?"

నా భర్త నేల చూపులు చూశాడు. బావ స్నానానికి వెళ్లాక నెమ్మదిగా చెప్పాడు. "అన్న షాపుల సప్పుడు రావద్దన్నడు. గాయన, 'సౌండు అస్సలు రాకూడదాండీ?' అని అడిగిండు. 'అస్సలు రావద్దు, మా ఇంట్ల ఆడోళ్ల పట్టు' అన్నడు అన్న. గాయన లోపల ఏదో నొక్కి సౌండ్ బంద్ పెట్టిండు. 'సౌండే వద్దన్నప్పుడు ఈ సౌండు డబ్బా ఎందుకండీ దండగ? నాకిచ్చేయండి, బదులు మంచి ఫ్యాను వేసిస్తాను' అన్నడు. అన్న మంచి బేరమే అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నువ్వే గద సప్పుడు రావద్దంటివి?"

"కంప్యూటర్ సప్పుడు రావద్దన్న. పాట సప్పుడు రావద్దంటినా?"

"సప్పుడంటే సప్పుడే గద ప్రవళీ," అన్నాడు అమాయకంగా.

ఆయన తప్పేముంది? ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాడు. పాటకూ మోతకూ వేర్వేరు మాటలు ఉంటాయని ఆయనకు ఎవరు నేర్పారు కనుక?

అత్తమ్మ ఎప్పుడొచ్చిందో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "ఇగ వద్దు తియ్యి బిడ్డా," అంది. "గొంతు పోతే పోనియ్యి. ఎవలు ఇన్నరు గనుక ఇన్ని దినాలు? నా కోసం మీరు కొట్లాడకుండ్రి." ఆ ఒక్క మాట చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఆగి గుటక వేసింది. ఆపరేషన్‌కు ఇంకా నాలుగు రోజులు. నాకు ఏడుపొచ్చింది. బావ మీద అసహ్యం, నా భర్త మీద అసహ్యం, బావ గుమ్మంలో కనబడితే చాలు తనంతట తానే కుర్చీలోంచి లేచే నా మోకాళ్ల మీద కూడా అసహ్యం వేసింది.

మర్నాడు ప్రచారానికి ఆఖరి రోజు. పాట పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బావ ఆటో ఎక్కి రెండు గల్లీల్లో తిరగడానికి పోయాడు. పులి అరుపు ఇంటి దాకా వినబడుతూనే ఉంది. నేను కంప్యూటర్ తీగలు పీకి, దుప్పట్లో చుట్టాను.

"అత్తమ్మా, మిర్యాలగూడ పోదాం. నడువు."

"మహేశ్వరుకు చెప్పినవా?"

"లేదు."

ఆమె లోపలికి వెళ్లి మంచి చీర కట్టుకొచ్చింది.

బస్సులో ఆ పెట్టెను ఆమె ఒళ్లోనే పెట్టుకుంది, ఇప్పుడే పుట్టిన గొర్రెపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని. నేను ఫోన్ చేసి రమ్మంటే మిర్యాలగూడ బస్టాండ్‌కు నా భర్త మిల్లు నుంచి నేరుగా వచ్చాడు. జుట్టు నిండా తవుడు. మమ్మల్నీ పెట్టెనూ చూసి బిత్తరపోయాడు.

"అన్నకు తెలుసా?"

"నీకు తెలిసింది గద, సాలదా?" అన్నాను.

దుకాణం మిల్లుల రోడ్డు మీద ఉంది. దాని యజమాని పేరు ఫకీరా. పెట్టె తెరిచి ఎనిమిది ఫ్యాన్లనూ చూసి, "ఏం పనికమ్మా ఇది?" అని అడిగాడు. రెండు ఊళ్లు తిరిగితే ఒక్కరూ అడగని ప్రశ్న అది. అత్తమ్మ పాట రికార్డు చేయాలని, ఇది పక్కన ఉన్నట్టు తెలియకూడదని నేనే చెప్పాను, మధ్యలో ఎవరి చెవీ లేకుండా. అద్దాల పెట్టె, రంగుల ఫ్యాన్లు, గ్రాఫిక్స్ కార్డు అతనికి ఇచ్చేశాను. మిల్లు యజమానుల పిల్లలు ఎగబడి కొంటారన్నాడు. వాటి బదులు లోపల మెత్తటి నురగ అతికించిన నల్లటి ఇనుప పెట్టె, నిదానంగా తిరిగే పెద్ద ఫ్యాను ఒక్కటి, మా బావ తువ్వాలు కింద పోగొట్టిన మిగతా సగం ర్యామ్ ఎంచుకున్నాను. మూగబోయిన సౌండ్‌ను కూడా తిరిగి తెరిపించాను.

స్విచ్ వేశాక అత్తమ్మ వంగి పెట్టెకు చెవి ఆనించింది. "నడుస్తున్నదా?" అని అడిగింది.

"నడుస్తున్నదమ్మా," అన్నాడు ఫకీరా.

"సప్పుడే లేదు," అంది ఆమె సంబరంగా.

బయటికొచ్చాక నా భర్త కాసేపు చేతులు నలుపుకున్నాడు. "ఎర్ర డబ్బా నేను తెస్త. ఇప్పుడే కోదాడకు పోత," అన్నాడు. అన్నను అడగకుండా ఆయన చేసిన మొదటి పని అదే. రాత్రికి డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు.

*

పోలింగ్‌కు ముందు రోజు ఊళ్లో మైకులు బంద్. అన్నాళ్ల తర్వాత ఊరికి చెవులు వచ్చినట్టు అనిపించింది. బోరింగు కొట్టడం, ఎక్కడో దూరాన మందలో గొర్రె అరవడం కూడా వినబడుతున్నాయి. మూలగదిలో బొంతలు వేలాడదీసి, అత్తమ్మను పీట మీద కూర్చోబెట్టి, మైకు ఆమె నోటికి జానెడు దూరంలో పెట్టాను. నల్ల పెట్టె మూలన కూర్చుని తన పని తాను చేసుకుంటోంది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని, రికార్డు బటన్ నొక్కి కుర్చీలో కూర్చున్నాను.

అత్తమ్మ గొంతు సవరించుకుంటుండగా ముందు అరుగు మీద ముచ్చట మొదలైంది. బావ, జీవన్, ఇంకో నలుగురు. ఎవరింట్లో ఎన్ని ఓట్లు, ఎవడు మాట తప్పేటట్టున్నాడు. గోడ అవతలి మాట ఇవతలి మైకులో అక్షరం అక్షరం పడుతోంది. నేను తలుపు వైపు చూశాను. నా చూపుకు సమాధానంగా అన్నట్టు బావే లోపలికి వచ్చాడు, వెనక జీవన్.

"ఏది, నా లైట్ల డబ్బా ఏడ పాయె? గీ నల్లదేంది? ఒరేయ్ ప్రేమా! ఎవన్నడిగి మార్చిండ్రు?"

నా మోకాళ్లు కదిలాయి. అది అలవాటు. చేతులు మాత్రం రికార్డు బటన్ మీద, గొంతు స్థాయి చూపే గీత మీద ఉన్నాయి. ఆ గీత బావ మాట్లాడినప్పుడల్లా ఎర్రగా ఎగిరిపడుతోంది. నేను ఆ గీతనే చూస్తూ ఉండిపోయాను. లేవలేదు.

బావ నన్ను చూశాడు, కుర్చీని చూశాడు. ఆయనకు మాట తడబడింది. తమ్ముని భార్య కూర్చుని ఉంటే ఆ గదిలో ఎలా నిలబడాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ప్రపంచంలో ఆయనకు తెలియని విషయం ఒకటి అలా దొరికింది. ఆయన తేరుకుని, తమ్ముడిని పిలవడానికి మళ్లీ నోరు తెరిచాడు.

"సప్పుడు జెయ్యకుండ్రి."

అంది అత్తమ్మే. గట్టిగా కూడా అనలేదు. ఊపిరి కూడగట్టుకుని, మైకు మీద నుంచి చూపు తిప్పకుండా, ఎవరి పేరూ ఎత్తకుండా అంది. అరుగు మీద ముచ్చట ఆగింది. గుమ్మంలోకి వచ్చి తొంగిచూస్తున్న మామ చేతిలోని చాయ్ గ్లాసును కింద పెట్టబోయి, పెడితే మోగుతుందని చేతిలోనే పట్టుకున్నాడు. బావ తెరిచిన నోరు మూశాడు. బయటికి పోదామంటే తలుపు కిర్రుమంటుంది. అందుకని ఉన్నచోటే నిలబడ్డాడు.

అత్తమ్మ పాడింది.

*మబ్బు వంగిందమ్మ మాగాణి మీద,*
*మంద మళ్లించవే మాయమ్మ చెల్లె...*

చివరి అక్షరాన్ని సాగదీసి, ఊపిరితో వదిలింది. నా చెవుల్లో ఆ ఊపిరి చివరిదాకా వినబడింది, దాని వెనక ఏమీ లేదు. ఎవరూ గొణగడం లేదు. గొంతు జీరబోయిన చోట ఆగి, కాసిన్ని గోరువెచ్చటి నీళ్లు తాగి, మళ్లీ అందుకుంది. పొద్దు వాలేదాకా పాడింది. వచ్చే ఓటర్లందరికీ మామ గేటు దగ్గరే వేలు పెదవుల మీద పెట్టి చూపించి వెనక్కి పంపేశాడు. ఓట్ల సంగతి ఆయనకు గుర్తులేదు, గుర్తుచేద్దామంటే బావకు నోరు తెరిచే వీలు లేదు.

*

పోలింగ్ నాటి సాయంత్రమే లెక్కలు తేలాయి. పులి ఓడిపోయింది. పోలింగ్ ముందు రోజు ఇంటికొచ్చినవాళ్లను పలకరించకుండా పంపేసినందుకే ఓడిపోయానని బావ ఇప్పటికీ అంటాడు. కావచ్చు. ఆ పులి పాట విని కూడా ఓటేసినవాళ్లు ఉన్నారే, నాకు ఆశ్చర్యం అదే.

తెల్లారి ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, అత్తమ్మ బాగుంది. డాక్టరమ్మ భయపడ్డట్టే పై గొంతు పోయింది. మాట సన్నగా, గాలి కలిసినట్టు వస్తుంది. అంతెత్తుకు రాగం ఇక ఎక్కదు. ఆ పాటలు ఆమె గొంతులో లేవు, మూలగదిలో నల్ల పెట్టెలో ఉన్నాయి. ఇప్పుడు ఆమె ఏదైనా అంటే మామ టీవీ ఆపేసి, పక్కన కూర్చుని వింటున్నాడు. లేకపోతే వినబడదు మరి.

ఆ పాటలు నేను ఫోన్లలో వేసిచ్చాను. పాలకీడు దాకా పోయాయి. చుట్టాలొస్తే బావే ముందు తీసి వినిపిస్తాడు. మా అమ్మ, మా స్టూడియో, నేనే అన్ని పార్టులు ఏరి ఏరి కొన్న అని చెప్పుకుంటాడు. ఒక్కటే ఆయనకు ఇబ్బంది. మొదటి పాట మొదలయ్యే ముందు ఆయన గొంతు "ఒరేయ్ ప్రేమా, ఎవన్నడిగి" అంటుంది, వెంటనే అత్తమ్మ గొంతు "సప్పుడు జెయ్యకుండ్రి" అంటుంది. విన్న చుట్టాలు పకపకా నవ్వుతారు.

మొన్న బావ మూలగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను కుర్చీలోనే ఉన్నాను. చుట్టూ చూశాడు, మధ్యలో మాట మోయడానికి ఎవరూ దొరకలేదు. చివరికి నాతోనే అన్నాడు.

"గా మొదటి మాట తీసెయ్యరాదు మరదలా?"

దగ్గులూ, కిర్రులూ, మోతలూ తీసేసి బతికేదాన్ని నేను. దాన్ని తీయడానికి రెప్పపాటు చాలు.

"రాదు బావా," అన్నాను.